పద్నాలుగో ప్రశ్నకు నా జవాబు

ఇల్లు లేని యువత మీద పరిశోధన చేయడానికి వెళ్ళి, తానుంటున్న ఇల్లే పోగొట్టుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ ఘనుణ్ణి నేనే. ఇరవై ఏడేళ్ళ వయసులో, మెళ్ళో కోఆర్డినేటర్ అనే బిళ్ళ వేసుకుని నేను వెలగబెట్టిన ఆ నిర్వాకమే ఇది. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. గూడూరంతా ఎప్పుడో నవ్వేసింది.

సంగతేమిటంటే, మా విశ్వవిద్యాలయానికి ఒక ప్రాజెక్టు వచ్చింది. గూడూరు స్టేషన్ నుంచి జువ్వలదిన్నె రేవు దాకా, తలదాచుకునే చోటు లేని కుర్రకారు ఎలా బతుకుతున్నారో తెలుసుకోవాలి. అలా బతుకుతున్న ఆరుగురే మాతో సమానంగా కూర్చుని ప్రశ్నలు రాస్తారు, వాళ్ళే వెళ్ళి అడుగుతారు. వాళ్ళు భాగస్వాములన్నమాట. "సమానంగా" అనే మాట ప్రాజెక్టు కాగితంలో పేజీకొకసారి ఉంది. నేను ఆ కాగితాన్ని చాలా శ్రద్ధగా ఫైల్లో పెట్టి బీరువాలో దాచాను.

మొదటి మీటింగులో ప్రశ్నలు పంచాను. ప్రశ్నలు వాళ్ళు కదా రాయాల్సింది అంటారా? పాపం వాళ్ళకెందుకు శ్రమ అని నేనే రాసేశాను.

సువార్త అనే అమ్మాయి కాగితం చదివి తలెత్తింది. పద్దెనిమిదేళ్ళు నిండాయని హాస్టల్ వాళ్ళు పెట్టె చేతికిచ్చి పంపేస్తే, ఏడాదిగా చర్చి వరండాలో కొన్నాళ్ళు, స్నేహితురాళ్ళ గదుల్లో కొన్నాళ్ళు గడుపుతున్న పిల్ల.

"సార్, ఈ పద్నాలుగో ప్రశ్న ఏంది?"

"చదువు."

"'మీకు ఇల్లు లేకపోవడానికి మీరు చేసిన పొరపాటు ఏమిటి?' అని ఉండాది."

"అవును. కారణాలు తెలియాలి కదా."

"మేం పొరపాటు చేసినామని మీకెవరు చెప్పినారు?"

జువ్వలదిన్నెలో బోట్ల మీద పనిచేస్తూ ఆ బోట్లలోనే పడుకునే మస్తాన్ అందుకున్నాడు. "రేవులో ఈ ప్రశ్న అడిగితే చేపల బుట్ట తీసుకుని కొడతారు సార్. తీసేయండి."

"అది శాస్త్రీయంగా తయారైన ప్రశ్న మస్తాన్. ఒకటి తీస్తే మొత్తం దెబ్బతింటుంది. ముందు సమోసా తిను."

సమోసాలు అయిపోయాయి, ప్రశ్న ఉండిపోయింది. సమోసాలు సమానంగా పంచితే చాలు, భాగస్వామ్యం కుదిరిపోయినట్టేనని అప్పట్లో నా గట్టి నమ్మకం.

తర్వాత ఐడీ కార్డుల గొడవ మొదలైంది. మెళ్ళో కార్డు లేకుండా స్టేషన్లో కాగితం పట్టుకుని జనాన్ని ప్రశ్నలడిగితే ఎవరూ నిలబడనివ్వరు. కార్డు కావాలంటే మా ఆఫీసు ఫారంలో శాశ్వత చిరునామా రాయాలి. ఇల్లు లేనివాళ్ళకు శాశ్వత చిరునామా!

"ఆఫీసుకు పొయ్యి ఆ గడి తీసేయమని అడుగుదాం సార్," అంది సువార్త. "మేమూ వస్తాం."

సూపరింటెండెంటుగారిని అడగడమా? ఆయన గట్టిగా దగ్గితేనే నేను సెలవు పెట్టే రకం. పైగా నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఆరు ఫారాల్లోనూ గూడూరులో నేను అద్దెకుంటున్న మేడమీది గది చిరునామా రాసేశాను. ఆ ఆరుగురినీ అడగలేదు, ఇంటావిణ్ణీ అడగలేదు. ఆ సాయంత్రం అద్దంలో చూసుకుంటే నాకు నేనే మహాత్ముడిలా కనిపించాను.

వారం తిరిగేసరికి ఇంటావిడ కామాక్షమ్మగారు గేటు దగ్గర పట్టుకుంది. నాకు గది ఇచ్చేముందు పెళ్ళయిందా, ఏ కులంవాళ్ళు, చేపలు వండుతావా అని గంటసేపు విచారణ జరిపిన మనిషి.

"ఏమయ్యా, పైన ఎంతమంది ఉండారు?"

"నేనొక్కణ్ణే అమ్మగారూ."

"ఏందో కార్డులు వచ్చినాయని పోస్టాయన ఈడ నిలబడి ఆరుగురి పేర్లు వీధంతా వినపడేట్టు పిలిచినాడు. సువార్త ఎవురు?"

"ప్రాజెక్టు అమ్మాయండీ."

"అమ్మాయా! మస్తాన్?"

"అతనూ ప్రాజెక్టే."

"అందరూ ఈ ఇంట్లోనే శాశ్వతంగా ఉండారంట గదా!"

"కాగితం మీదే అమ్మగారూ. వాళ్ళకసలు ఇల్లే లేదు."

చూశారా, ఆ చివరి వాక్యం మింగేసి ఉంటే బతికిపోయేవాణ్ణి. "ఇల్లు లేనోళ్ళకు నా ఇల్లు రాసిచ్చినావా!" అని ఆవిడ వేసిన కేకకు నిమ్మకాయల మార్కెట్లో వేలంపాట ఆగిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మర్నాడే మా ఆఫీసు నుంచి ఒకాయన చిరునామాలు సరిచూడటానికి వచ్చాడు. "ఆరుగురూ ఇక్కడే ఉంటున్నారా అమ్మా?"

"లేరు," అంది కామాక్షమ్మగారు. "ఆదివారం నుంచి ఏడోవాడు కూడా ఉండడు. అది కూడా రాసుకో."

అలా ఒకే వాక్యంలో ఆరుగురి కార్డులూ రద్దయ్యాయి, నా గదీ పోయింది. వేరే గది కోసం ఏ గుమ్మం ఎక్కినా ఒకటే మాట. "ఆరుగుర్ని పెట్టుకున్న అబ్బాయివి నువ్వేనా?" కాదు మొర్రో అంటే వినేవాళ్ళేరీ? రోజుకొక స్నేహితుడి చాప మీద పడుకున్నాను. స్నేహితులు త్వరగానే అయిపోయారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, గూడూరు ప్లాట్‌ఫాం బెంచీ మీద ట్రంకుపెట్టె, టేబుల్ ఫ్యాను, రైస్ కుక్కర్‌తో కూర్చున్నాను. సువార్త, మస్తాన్ ఎదురొచ్చారు. ఇద్దరి మెళ్ళోనూ తళతళలాడే కొత్త కార్డులు!

"ఇవెలా వచ్చాయి?"

"మేం ఆరుగురం ఆఫీసుకు పొయ్యి అడిగినాం," అంది సువార్త. "సూపరింటెండెంట్ సారు ఆ గడి కొట్టేసినాడు. టీ కూడా ఇచ్చినాడు. మీరు యాడికి సార్ ప్రయాణం?"

"ఎక్కడికీ కాదు."

"మరి యాడ ఉంటుండారు?"

"ప్రస్తుతానికి... ఇక్కడే."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. సువార్త ఫారం తీసింది. "వరసగా ఏడు రోజులు సొంత చోటు లేకుండా ఉన్న, ముప్పై లోపు వయసువాళ్ళు. మీరు రాసిందే సార్. మీరు మా లెక్కలోకి వస్తారు."

"సువార్తా, హాస్యాలొద్దు."

"హాస్యం కాదు సార్. పేరు చెప్పండి."

పేరు చెప్పాను. నిన్న ఎక్కడ పడుకున్నారు, స్నానం ఎక్కడ, పొద్దున ఏం తిన్నారు అని ఒక్కొక్కటే అడిగింది. పద్నాలుగో ప్రశ్న వచ్చింది.

"మీకు ఇల్లు లేకపోవడానికి మీరు చేసిన పొరపాటు ఏమిటి?"

నిజం చెబుతున్నాను, ఒళ్ళు మండిపోయింది. నిద్ర లేక, స్నానం లేక, ఊరందరి చేతా కాదనిపించుకుని కూర్చున్న మనిషిని అడిగే మాటా ఇది? ఆ క్షణాన నా చేతిలో చేపల బుట్ట లేదు కాబట్టి సరిపోయింది. ఇది రాసిన దుర్మార్గుడెవడా అని చూస్తే వాడు నా చొక్కాలోనే ఉన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"ఈ ప్రశ్న తీసేయండి," అన్నాను.

"ఒకటి తీస్తే మొత్తం దెబ్బతింటుంది గదా సార్," అన్నాడు మస్తాన్, పొట్లం విప్పి నాకు సమోసా అందిస్తూ.

సువార్త నవ్వలేదు. "మమ్మల్ని ఇది అడగడం తప్పు సార్. మీ ఒక్కరి విషయంలో మాత్రం దీనికి జవాబు ఉండాది," అని తనే రాసి, ఫారం నా చేతికిచ్చింది. నేను చదివి సంతకం పెట్టాను.

"ఇంక లే అన్నా," అన్నాడు మస్తాన్ ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని. సార్ నుంచి అన్న అయ్యానని రైస్ కుక్కర్ పట్టుకుని లేచాక గానీ నాకు తట్టలేదు. జువ్వలదిన్నెలో వలలు పెట్టే కొట్టు మీద ఒక గది ఉందట. దాని యజమాని నన్ను ఎగాదిగా చూసి, ఈయనకు పూచీ ఎవరన్నాడు. సువార్త పూచీ పడింది.

కావున, ఆ గదిలోని ఎండుచేపల వాసన సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఆ ఆరుగురిని అడక్కుండా ఒక్క గడి నింపను, ఒక్క ప్రశ్న రాయను, ఆఖరికి సమోసా కూడా తెప్పించను.

పద్నాలుగో ప్రశ్నను ఆ సాయంత్రమే కొట్టేశాం. మొత్తం పరిశోధనలో దానికి నమోదైన జవాబు ఒక్కటే. సువార్త గుండ్రటి అక్షరాల్లో, కింద నా సంతకంతో ఇప్పటికీ ఫైల్లో ఉంది: "చెబితే వినలేదు."