ఖాదర్ భాయ్ రెండో క్లారినెట్

1991. గల్ఫ్ యుద్ధం ముగిసి ఎన్నాళ్ళో కాలేదు. సౌదీలోని అల్ ఖోబర్‌లో విదేశీ ఉద్యోగుల కాంపౌండ్ బడిలో నేను సంగీతం చెప్పేవాణ్ని. గోడ బయట వాయించే వీల్లేదు కానీ, లోపల మాకో చిన్న ఆర్కెస్ట్రా ఉండేది. దానికి పాటలు రాసిపెట్టే అరేంజర్ పని కూడా నాదే. సైరన్లు మొదలయ్యాక సగంమంది వాద్యకారులు స్వదేశాలకు పోయారు. అలా ఖాళీ అయిన రెండో క్లారినెట్ కుర్చీ కాంపౌండ్ బస్సు డ్రైవర్ ఖాదర్ భాయ్‌కి దక్కింది.

ఆయనది నంద్యాల. గల్ఫ్‌కు రాకముందు పెళ్ళి బ్యాండులో ఉండేవాడు. అప్పగింతలప్పుడు వాళ్ళు వాయించే బాణీ ఒకటి రిహార్సల్‌కు ముందు ఖాదర్ భాయ్ ఊరికే వాయిస్తుంటే కండక్టర్ చెవిన పడింది. ఆ కండక్టర్ ఇంగ్లీషు ఇంజనీరు. ముచ్చటపడి దాన్ని ఆర్కెస్ట్రాకు రాయమని నాకు చెప్పాడు. ఆనవాయితీ ప్రకారం బాణీని వయొలిన్లకిచ్చి, ఖాదర్ భాయ్‌కి లోపలి గొంతు, అంటే బాణీ కింద ఊతంగా నడిచే భాగం, రాశాను.

అలాంటి గొంతుల నడకకు వాయిస్ లీడింగ్ అని ఒక నియమం ఉంది: స్వరాల గుంపు మారినప్పుడల్లా ఒక్కో వాద్యం ఎటు జరగాలో చెప్పే కట్టుబాటు. ఉమ్మడి స్వరం ఉంటే అక్కడే నిలవాలి, లేకపోతే పక్క స్వరానికి జరగాలి. ఇంకొకరి వెంటపడి నడవకూడదు.

మన బ్యాండులో అలా కాదు. పాట ఎత్తుకుంటే అందరూ పాటే వాయిస్తారు. వయొలిన్లు బాణీ అందుకోగానే ఖాదర్ భాయ్ వేళ్ళు కూడా అటే పోయేవి. మధ్య గొంతు మాయమై పాట బోసిపోయేది. కండక్టర్ కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి నన్ను పక్కకు పిలిచి, మళ్ళీ తప్పితే కచేరీలో కూర్చోబెట్టనన్నాడు.

ఖాదర్ భాయ్‌కి ఇంకో కచేరీ లేదు. పనిలో పెట్టుకున్న కఫీల్ ఆయన నివాస అనుమతి ఇఖామా పొడిగించనన్నాడు, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ పడింది. వెళ్ళేలోపు దొరల పక్కన కూర్చుని ఒక్కసారి వాయించాలని ఆయన ఆశ.

"నా పాట నా పక్కనే పోతా ఉంటే నేనెట్ల సార్ గమ్మునుండేది?" అన్నాడు.

ఆయన భాగం తిరగరాశాను. బాణీ ఎటు పోయినా ఆయన ఒకే స్వరం మీద, మహా అయితే పక్క మెట్టు మీద ఉండేలా. "పాట వినొద్దు భాయ్. తాళం లెక్కపెట్టుకోండి, కాగితం చూసుకోండి" అన్నాను. వాయించేవాణ్ని వినొద్దన్న మేధావిని నేను.

కచేరీలో ఆయన ఒక్క స్వరం తప్పలేదు. నియమం ఎంత అందమైందో ఆరోజే తెలిసింది. ఆయన గొంతు కింద కదలకుండా నిలబడితే పైన బాణీ కన్నీళ్ళు పెట్టించింది. కండక్టర్ ఆయన్ని లేపి మరీ చప్పట్లు కొట్టించాడు. నాకు భలే గర్వంగా అనిపించింది. రికార్డు చెయ్యాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

క్లారినెట్ విప్పి పెట్టెలో సర్దుతూ ఆయన నన్నడిగాడు.

"పాట బాగొచ్చిందా సార్?"

"మీరు వినలేదా?"

"మీరు వినొద్దంటిరి గదా. యాడ తప్పుతానో అని లెక్కలోనే ఉంటి."

నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాతి వారం ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పుడు లోపలి గొంతు ఎవరికిచ్చినా ముందు బాణీ నేర్పి, తనివితీరా వాయించనిచ్చి, ఆ తర్వాతే వాళ్ళ కాగితం చేతికిస్తాను. పక్కవాళ్ళను వింటూ తన దారిన తాను నడవడానికే ఆ నియమాలున్నాయి. నేను నడక నేర్పి వినడం మాన్పించాను. ఆరోజు ఆ హాల్లో ఉన్నవాళ్ళందరం ఖాదర్ భాయ్ పాట విన్నాం, ఆయన తప్ప.