ఐసుపెట్టెలో కొర్రమీనులు

మలయాలో తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ మూడో ఏడు, వానలు మొదలైన వారం, ఇపో పట్నం నుంచి వచ్చిన లారీ నన్ను ఆ రబ్బరు ఎస్టేటు గేటు ముందు దింపింది. మధ్యాహ్నం రెండున్నర. సన్న చినుకు. భుజాన రైఫిలు, నడుముకు యాభై తూటాలు, ఒక రబ్బరు దుప్పటి, కాళ్లకు ఒక సైజు పెద్ద బూట్లు. కాగితాల్లో మేం స్పెషల్ కానిస్టేబుళ్లం, పోలీసు లెక్క. చేసింది మాత్రం సిపాయి పనే. నాకు ఇరవై రెండేళ్లు. అద్దం కనిపిస్తే చాలు, టోపీ సర్దుకునేవాణ్ణి.

కూలీల ఇళ్లన్నీ ఒకచోట చేర్చి చుట్టూ రెండు వరసల ముళ్లకంచె కట్టారు. గేటు ఒక్కటే. పొద్దున్న ఆరింటికి తెరవాలి, సాయంత్రం ఆరింటికి మూయాలి. ఆ తర్వాత బయట కనబడితే కాల్చమని ఆజ్ఞ. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదు. అందుకని బియ్యం, ఉప్పు, ఎండుచేప, డబ్బా సరుకు, నిలవ ఉండేదేదీ గేటు దాటకూడదు. మగవాళ్లను చేతులెత్తించి తడమడం నా పని. సంచులు విప్పించేవాణ్ణి. సైకిలు పంపులోకి కూడా తొంగిచూసేవాణ్ణి.

మా తెలుగు సంఘం కుర్రాళ్లు అడుగుతుంటారు, ‘ఎంతమందిని కాల్చినారు తాతా?’ అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. నేను చేసింది వేరు. ఇన్నాళ్లూ చెప్పలేదంటే సిగ్గేసి చెప్పలేదు.

అక్కడి కూలీల్లో సగం మంది మనవాళ్లే, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. గేటు దగ్గర తెలుగువాడు నిలబడ్డాడని సంబరపడ్డారు. వాళ్లలో అప్పన్న ఒకడు. అరవై దగ్గర పడినా రబ్బరుపాల చెట్లు గీసేవాడు. భార్య లేదు. ఒక్కతే కూతురు, ఆరు మైళ్ల అవతల ఇంకో డివిజన్లో కాపురం. సెలవు రోజున కంచె లోపలి కాలవలో కొర్రమీనులు పట్టేవాడు. పట్టినవాటిని కిరసనాయిలు టిన్నులో రెండు వేళ్ల నీళ్లు పోసి, పైన తడిగోనె కప్పి ఉంచేవాడు. కొర్రమీను నీళ్లలోంచి తల పైకెత్తి గాలి పీలుస్తుంది. తడి, గాలి ఉంటే చాలు, రోజుల తరబడి బతుకుతుంది. ఇది మా నాన్న దగ్గర నేనూ నేర్చిన విద్యే.

ఒకరోజు పొద్దున్న ఆరూ పదికి అప్పన్న టిన్ను పట్టుకుని గేటుకు వచ్చాడు.

“ఏటి మావా అది?”

“కొర్రమీనులు బాబూ, నాలుగు. మా అమ్మాయి నీళ్లాడి నాలుగు రోజులైనాది. రగతం ఆగనేదంట. రసం కాసి పెట్టాల.”

ఇక్కడ మలాయివాళ్లు, చీనావాళ్లు, మనవాళ్లు అందరూ నమ్మేదే. కొర్రమీను రసం పడితే బాలింత పుండు మానుతుంది. కానీ ప్రాణం ఉండగానే కోయాలి. చచ్చిన చేప బాలింతకు పెట్టరు.

మా తెల్ల సార్జెంటు టీ కప్పుతో వచ్చి టిన్నులోకి చూశాడు. “పచ్చి చేపేగా. మధ్యాహ్నానికి కుళ్లిపోతుంది. పోనీ,” అన్నాడు ఇంగ్లీషులో.

అక్కడితో అయిపోవలసింది. నేను ఊరుకోలేదు. “లేదు సార్. ఈ చేప చావదు. తడిగోనెలో మూడు రోజులుంటుంది. అడవిలోకి కూడా ప్రాణంతోనే చేరుతుంది.”

ఎవరడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. సార్జెంటు భుజం తట్టి, “నీకు బుర్ర ఉంది,” అన్నాడు. ఆ తట్టుడు నాకు హాయిగా ఉండింది. అప్పన్నకు ఇంగ్లీషు రాదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

పై ఆఫీసును అడగమన్నాడు. వైర్‌లెస్ పెట్టె దగ్గర ఒక తమిళుడు ఉండేవాడు.

“ప్రాణమున్న చేపలు, నాలుగు. బయటికి పంపవచ్చునా? ఓవర్.”

“ఆగండి. ఔట్.”

చెవులకున్నది తీసి నావైపు తిరిగాడు. “నువ్వు నోరు మూసుకుని ఉండొచ్చుగా.”

నేను అప్పన్నతో, “పది గంటలకల్లా కబురొచ్చేస్తది మావా, కూకో. సేపల్ని ఐసుపెట్టెలో పెడతాను,” అన్నాను.

“టిన్నులోనే ఉండనీ బాబూ. నీడనుంటే సాలు.”

నేను వినలేదు. సార్జెంటు మాంసం కోసం ఇపో నుంచి రంపపుపొట్టులో చుట్టి ఐసుదిమ్మలు వచ్చేవి. మాంసం గట్టిగా బిగియాలని వంటవాడు వాటి మీద ఉప్పు జల్లేవాడు. ఆ ఐసు మీదే నాలుగు చేపల్నీ పరిచి మూత బిగించాను. చల్లగా ఉంటే ఏదైనా బాగుంటుందనుకున్నాను.

పదైంది. కబురు లేదు. పదకొండూ నలభైకి మళ్లీ “ఆగండి” అన్నారు. అప్పన్న ఇసకమూటల పక్కన గొంతుక్కూర్చునే ఉన్నాడు. ఒక్కసారి లేచి నా దగ్గరికి వచ్చాడు.

“సేపలొద్దు బాబూ. నానెళ్లిపోనా?”

“ఇంకాసేపే మావా,” అన్నాను.

వెళ్లమనవలసింది. పగలు బయటికి వెళ్లడానికి పాసు ఉంది, ఆపడానికి నాకు హక్కు లేదు. కానీ నేను ఇప్పించిన అనుమతితో, నా చేతుల మీదుగా చేపలు తీసుకుని, నన్ను దీవించి వెళ్లాలి ఆయన. నాకు అది కావాలి.

రెండూ నలభైకి వైర్‌లెస్ పెట్టె పలికింది. “చేపలకి అనుమతేమిటి? పంపండి. ఔట్.” అవతల ఎవరో నవ్వడం కూడా వినిపించింది.

ఐసుపెట్టె మూత తీశాను. నాలుగూ కట్టెల్లా బిగుసుకుపోయి ఐసుకు అంటుకున్నాయి. కత్తితో ఊడదీయవలసి వచ్చింది. అప్పన్న వాటిని టిన్నులో వేసి బావినీళ్లు పోశాడు. ఒక్కోదాన్నీ అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. నేను నిలబడి చూశాను.

“సచ్చిపోనాయి బాబూ,” అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు.

మూడు దాటింది. రాత్రి బయట ఉండడానికి పాసు లేదు. ఆరు మైళ్లు పోయి ఆరింటికల్లా తిరిగి రాలేడు. టిన్ను పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఏడింటికి రబ్బరుపాల లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. కూతురు ముందురోజు సాయంత్రం నాలుగింటికే పోయింది. చేప తిన్నా ఆ రక్తం ఆగేది కాదని ఎస్టేటు ఆసుపత్రి డ్రెస్సరు తర్వాత చెప్పాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోయాను. కానీ నా తప్పు చేప సంగతిలో కాదు. ఆరుంబావుకు వదిలేస్తే తొమ్మిదికల్లా చేరేవాడు. ఏడు గంటలు కూతురి పక్కన కూర్చునేవాడు. ఆ పొద్దంతా నా గేటు దగ్గర కూర్చున్నాడు.

ఇంకో పధ్నాలుగు నెలలు అక్కడే ఉన్నాను. రోజూ ఆయన్ని తడిమి పంపాను. తప్పయిందని ఒక్కనాడూ అనలేదు. నా చొక్కా చేతికి ఒక హోదా పట్టీ కూడా కుట్టారు, చురుకైనవాడినని.

రైఫిలు అప్పగించి ఇంటికి వచ్చాను. గుమాస్తా పని దొరికింది. మెర్దెకా, అంటే ఈ దేశానికి స్వతంత్రం, వచ్చిన వారం, ఇపో బస్టాండులో, ఒక బెంచీ మీద అప్పన్న కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. ఇప్పుడైనా చెప్పాలని దగ్గరికి వెళ్లాను. నా ఒంటి మీద తెల్లచొక్కా, చేతిలో గొడుగు.

“మావా,” అన్నాను.

తలెత్తి చూశాడు. పోల్చుకున్నాడు. లేచి, సంచి నా కాళ్ల దగ్గర పెట్టి, దాని మూతి విప్పి, ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.