గంజు కింది కంప్యూటర్

మా ఎల్బీ నగర్ కాలనీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఏ వేళకొస్తుందో మాత్రం ఆ దేవుడికే తెలియాలి. మా ఇంటి సంపు బొత్తిగా చిన్నది. అది నిండుతుండగానే మోటారు వేసి పైట్యాంకుకి ఎక్కించకపోతే నీళ్ళన్నీ రోడ్డు పాలు. అందుకే నల్లా రోజున మా ఓనర్ ఆంటీ గడప దాటేది కాదు. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఎన్ని పోగొట్టుకుందో పాపం.

నాదర్‌గుల్‌లో ఆవిడ అక్క మనవరాలికి తొట్టెల, అదే ఉయ్యాల వేడుక, చేస్తామని కబురొచ్చింది. తీరా చూస్తే అదీ నల్లా రోజే.

"నా నసీబే గంత బిడ్డా" అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి బతికేదాన్ని. ఈ మాత్రానికి పనికిరాకపోతే నా చదువెందుకు, తగలెయ్యనా!

అరచేతిలో ఇమిడే బుల్లి కంప్యూటర్ ఒకటి కొన్నాను. కరెంటు పనాయన దాన్ని మోటారుకి కలిపిపెట్టాడు. మెట్ల కింద గూట్లో పెట్టి, ఇంటి వైఫైకి తగిలించాను. నేనెక్కడున్నా ల్యాప్‌టాప్‌లోంచి దాంట్లోకి లాగిన్ అయి ఒక్క లైను కమాండ్ కొడితే చాలు, ఇంట్లో మోటారు తిరుగుతుంది.

"గింత డబ్బి మోటారు ఏస్తదా?" అంది ఆంటీ బుగ్గన వేలేసుకుని.

"మీరు వెళ్ళిరండి ఆంటీ, పూచీ నాది."

ఆ రోజు పట్టుచీర కట్టుకుని ఆవిడ ఇంటికి తాళం వేసుకుని వెళ్ళింది; మోటారు స్విచ్ ఆ తాళం వెనకే. నేను క్లాసులో ఉండగా పై వాటాలో ఉండే ఆవిడ ఫోన్ చేసింది. "అక్కా, నల్లా ఒచ్చింది. మోటారెయ్యి, సంపు నిండొస్తుంది."

లాగిన్ కొట్టాను. కనెక్షన్ లేదు. మళ్ళీ కొట్టాను. ఊహూఁ. పొద్దున్నదాకా నిక్షేపంలా పలికిందే, ఇంతలో ఏం మాయరోగం! ఆంటీకి ఫోన్ చేశాను.

"మీరు దాన్నేమైనా కదిపారా?"

"నేనేం ముట్టలే బిడ్డా. బల్లి పడ్తదేమోనని పెద్ద స్టీలు గంజు బోర్లించిన, గంతే."

తల పట్టుకున్నాను. అంత స్టీలు గిన్నె కిందకి సిగ్నల్ ఎలా దూరుతుంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా!

"పరేషాన్ గాకు, నేను వాపస్ ఒస్తున్న" అంది ఆవిడ. వెనకాల ఆడవాళ్ళ పాట వినిపిస్తోంది. "పాపను ఇంకా తొట్టెల ఎయ్యనే లేదు గని..."

"మీరు అక్కణ్ణుంచి కదిలారంటే చూడండి!" అని క్లాసంతా ఉలిక్కిపడేలా అరిచాను. వెంటనే పై వాటా ఆవిడని పరుగెత్తించి గంజు తీయించాను. మళ్ళీ కొట్టాను. లాగిన్ అయింది! లైను టైపు చేశాను. పై వాటా ఆవిడ ఫోన్‌లో మోటారు బుర్రుమంది. హమ్మయ్య, నా తల్లే!

"వేశానాంటీ, మీరు తొట్టెల దగ్గరికి వెళ్ళండి" అని ఆంటీకి మళ్ళీ ఫోన్ చేసి చెప్పి పాఠం మొదలుపెట్టబోతే, ఏం పాఠం చెబుతున్నానో గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి ఆవిడ అక్క దగ్గరే ఉండిపోయింది. మర్నాడు వచ్చీ రాగానే గంజు వంటింట్లోకి చేరింది. గూట్లోకి చిల్లుల ప్లాస్టిక్ బుట్ట వచ్చింది.

"గిది బోర్లియ్యొచ్చా?"

"నిక్షేపంగా."

బుట్ట బోర్లించి, చేతులు దులుపుకుంది. "రేపు నల్లా కదా. నేను చంపాపేట్ పోతున్న, పాపకు గౌను కొనాలె. మోటారు సంగతి నువ్వు చూస్కో."