బాపు చేతిలో గ్రాఫిక్స్ కార్డు

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది ఆటల కోసం కాదు. నార్పోలిలో కింద సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాలు; పైన మేముండే రెండు గదులు. మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి చిన్న వయసులోనే ముంబై పక్కనున్న ఈ భివండీ వచ్చి, మొదట ఇతరుల సాంచాల మీద బట్ట నేసి, తర్వాత సొంతంగా కొన్ని పెట్టుకున్నాడు. వాటిలో రెండు జకార్డు సాంచాలు. పువ్వులు, తీగలు ఉన్న పరదా బట్ట నేసేవి. ఇకమీదట ఆ డిజైన్లన్నీ కంప్యూటర్ మీదే గీస్తారని ఎవరో బాపుకు చెప్పారు. వరాలా తలావ్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఒక పాత కంప్యూటర్ తెచ్చి మా కిటికీ పక్కన పెట్టాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఇంట్లో ఒక్కతే బిడ్డను కాబట్టి డిజైన్లు గీయడం నేనే నేర్చుకోవాలని తీర్మానమైంది. నేను ముందుగా నేర్చుకున్నది మాత్రం కారు నడపడం.

ఆ ఆట వేసిచ్చింది మామే. సముద్రం ఒడ్డున వంకరటింకర రోడ్డు, పక్కన కొండ. మా కంప్యూటర్‌లో కారు ఒకచోట కనబడి, కాసేపు ఆగి, ఇంకోచోట కనబడేది. మలుపు వచ్చిందని తెలిసేసరికి గోడకు గుద్దుకుని ఉండేదాన్ని. చెట్లు అట్టముక్కలు కత్తిరించి నిలబెట్టినట్టుండేవి. నా అవస్థ చూసి మామ, "దీనికి కార్డు కావాలె. బొమ్మలు గీసే పని మొత్తం అదే చూసుకుంటది" అన్నాడు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన బాపు చెవిలో ఆ మాట పడింది. జకార్డు సాంచాలకూ కార్డులే ఉంటాయి. చిల్లులు కొట్టిన పొడుగాటి అట్టలు, వాటిని బట్టే దారాలు లేచి బట్టమీద పువ్వు పడుతుంది.

"కార్డు లేకుంట డిజైన్ ఎట్ల పడ్తది మరి? తీస్కరా పో" అన్నాడు బాపు.

మామ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ కార్డు వేరు, ఈ కార్డు వేరు అని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

బడికి సెలవున్న రోజు చూసి మామతో కలిసి కల్యాణ్ వెళ్ళి, లోకల్ రైలు ఎక్కి, దాదర్‌లో రైలు మారి ముంబైలో గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగాను. లామింగ్టన్ రోడ్డు నిండా కంప్యూటర్ సామాను దుకాణాలే. అద్దాల వెనక వరసగా నిలబెట్టిన డబ్బాల మీద రాక్షసులు, కత్తులు పట్టుకున్న వీరులు. అంత పెద్ద డబ్బా విప్పితే లోపలినుంచి నా అరచేతి కన్నా కాస్త పెద్దదైన పచ్చని పలక వచ్చింది. మధ్యలో ఒక అల్యూమినియం ముక్క, అంతే. పంఖా కూడా లేదు. వచ్చేటప్పుడు రైల్లో జనం నలిపేస్తారని దాన్ని పొట్టకు ఆనించుకుని నిలబడ్డాను.

మామ దాన్ని బిగించి ఆట తెరిచాడు. కారు ఆగకుండా పోయింది. ఒక్కసారి కూడా ఎగరకుండా, తడబడకుండా, నీళ్ళు పారినట్టు పోయింది. దూరంగా కొండల మీద పొగమంచు కూడా ఉందని ఆ రోజే తెలిసింది. నేను గట్టిగా అరిచాను. కింద సాంచాల చప్పుడులో ఆ అరుపు ఎవరికీ వినబడి ఉండదు.

తర్వాత రెండేళ్ళకు మామ ఇంకో కార్డు తెచ్చి పెట్టాడు. దీనికి చిన్న పంఖా ఉంది. ఈ కార్డుతో సముద్రంలో ఆకాశం కనబడింది. మబ్బు కదిలితే నీళ్ళలోనూ కదిలేది. నేను రేసు మర్చిపోయి కారు రోడ్డు పక్కన ఆపి ఆ నీళ్ళనే చూసేదాన్ని. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా తోచదు. నాకు మాత్రం తెరమీద తడి కనబడటం అదే మొదలు.

ఆ పంఖాయే మా కొంప ముంచింది. నార్పోలిలో గాలంటే సగం పత్తి నూగే. అన్నం గిన్నె మీద మూత తీసినా, ఆరేసిన బట్ట దులిపినా నూగే. ఒక ఎండాకాలం ఆట మధ్యలో తెరమీద రంగురంగుల గళ్ళు పడి కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అంతే. మామ ఊళ్ళో లేడు. నేను కంప్యూటర్ డబ్బా విప్పుకుని దిగులుగా కూర్చున్నాను.

ఆ రోజు శుక్రవారం, సాంచాలకు సెలవు. బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి సాంచాల మోతలో ఉండి ఆయన చెవులు అప్పటికే మందగించాయి. అందుకే ఏ యంత్రాన్నయినా వేలితో వినేవాడు. కంప్యూటర్ ఆన్ చేయమని, చూపుడు వేలు కార్డు అంచున ఆనించాడు.

"పంఖా తిరుగుతలేదు బిడ్డా. అదురుతున్నది గంతే. బంద్ చెయ్యి."

కార్డు ఊడదీసి, మెత్తటి బ్రష్షుతో నూగంతా తీశాడు. చిన్న ఉండంత వచ్చింది. పంఖా మధ్యలో ఉన్న కాగితం గోటితో లేపి, కింద నుంచి నూనె తెచ్చి, సూది మొనతో ఒక్క చుక్క వేశాడు. ఊదితే పంఖా తిరిగింది.

కార్డు మళ్ళీ బిగించాక ఆట మామూలుగా తెరుచుకుంది. బాపు లేవలేదు.

"ఎట్ల నడపాలె ఇది?" అన్నాడు.

బాణం గుర్తుల మీద ఆయన వేళ్ళు పెట్టాను. ఆ మొద్దు వేళ్ళు ఒక్కోసారి రెండు మీటలు కలిపి నొక్కేవి. మిగతా కార్లన్నీ దూసుకుపోయాయి. బాపు తొందరపడలేదు. రోడ్డు మీద ఎడమ వైపునే, నింపాదిగా పోయాడు.

"బాపూ, ఇది రేస్! ఉరికియ్యాలె."

"ఉరికిస్తే సముద్రం ఎట్ల కనిపిస్తది?"

అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున చాయ్ తాగి నా పక్కన కుర్చీ వేసుకునేవాడు. ఆయన ఎన్నడూ గెలవలేదు. ఒక్కసారి మాత్రం ఆఖరు నుంచి రెండోవాడుగా వచ్చి, అమ్మను పిలిచి మరీ చూపించాడు. "సాంచాలు బంద్ పడకుంట చూస్కో, ఇగ డ్రైవర్‌వే అయితవ్" అంది అమ్మ.

నేను కాలేజీ చదివే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి జోరుగా తిరిగొచ్చింది. లోపల టప్పుమంది. కాలిన వాసన. కార్డు మీద ఒక మూల నల్లబడింది. మామ చూసి, ఇక లాభం లేదన్నాడు. నాకు బాధనిపించింది కానీ పరీక్షలు దగ్గరపడ్డాయి, ఊరుకున్నాను.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి బాపు లేడు. ఆ కాలిన కార్డును సాంచం మీద మిగిలిన తెల్ల బట్ట ముక్కలో చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక్కడే ముంబై పోయాడు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, బట్ట మూట చేతిలో అట్లాగే ఉంది.

"ఇరవై దుకాండ్లు తిరిగిన. ‘చాచా, యే స్లాట్ హీ బంద్ హో గయా’ అంటరు. కార్డు దొరకదట, అది పెట్టే సందు కూడ మార్చిన్రట! ఐదారేండ్లకే పాతదైతదా? మన సాంచాలు నా కన్న ముందు సంది నడుస్తలేవా?"

ఎవరిమీద కోపమో తెలియదు. చెప్పులు విసురుగా విడిచాడు. నేను నీళ్ళిచ్చాను. తాగి, మూట నా చేతిలో పెట్టి కిందికి పోయాడు.

ఉద్యోగం వచ్చాక కొత్త కంప్యూటర్ కొన్నాను. అందులో పాత ఆట పని చేయలేదు. కొత్త ఆటల్లో బాపు కొన్ని వారాలు కూర్చున్నాడు. "అందరు కాల్చుకునుడే" అని మెల్లగా మానేశాడు. కార్డులు మాత్రం పెరుగుతూ పోయాయి. ఒక పంఖా రెండయింది, రెండు మూడయ్యాయి. వాటికి విడిగా కరెంటు తీగ వచ్చింది. మధ్యలో కొన్నాళ్ళు బజారులో కార్డు కంటికి కూడా కనబడని రోజులొచ్చాయి. నేనిప్పుడు బట్టల డిజైన్లు చేస్తాను. నేయకముందే ఆ బట్ట మనిషి ఒంటిమీద ఎట్లా మడతలు పడుతుందో తెరమీద చూపిస్తాను. ఆ పని కోసమని మొన్న కొత్త కార్డు కొన్నాను. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది.

బాపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అదను దొరికింది కదా అని, ఇన్నేళ్ళుగా అడగనిది అడిగాను.

"బాపూ, ఆ రోజు ఒక్కనివే ముంబై ఎందుకు పోయినవ్? నేను ఏడుస్తననుకున్నవా?"

ఆయన నవ్వాడు. పైన రెండు పళ్ళు లేవిప్పుడు.

"నువ్వేడ్సుడేంది? నాకే ఏడుపొచ్చేటట్టుండె."

కార్డు బిగించాక, మంచు కురిసే కొండల ఆట ఒకటి పెట్టాను. మంచు రేకు రేకు వేరుగా, గాలికి వాలుతూ పడుతోంది. బాపు కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు.

"చూస్తుంటేనే సలి పెడ్తున్నది" అంటూ భుజం మీద తువ్వాలు ఒళ్ళంతా కప్పుకున్నాడు.