బుజ్జక్కను నేనే

ఆ రోజుల్లో నాకు ఇరవై ఐదేళ్లు. పెళ్లి కాలేదు, చంటిబిడ్డను మెడ నిలిపి ఎత్తుకోవడం కూడా చేతకాదు. అయినా గల్ఫ్‌లో ఉన్న తెలుగు తల్లులు కొందరు బిడ్డకు నీళ్లెలా పొయ్యాలో, పాలసీసా ఎలా కడగాలో నన్నడిగి తెలుసుకునేవారు. ఈ మాట ఇప్పుడు చెబితే నమ్మేవాళ్లు తక్కువ, నమ్మినవాళ్లు మళ్లీ భోజనానికి పిలవరు. వయసులో ఉన్నప్పుడు చేసే తప్పులతో వచ్చిన చిక్కే ఇది. చేస్తున్నంతసేపూ అవి మన తెలివితేటల్లాగే కనిపిస్తాయి. నా తెలివితేటలు కూడా కొన్ని నెలలపాటు అలాగే వెలిగిపోయాయి. ఆ వెలుగులో నేను అనుభవించిన భయం మాత్రం పగవాడికి కూడా వద్దు.

కరోనా వచ్చిన మరుసటి ఏడాది అది. అబుదాబిలో ముసఫ్ఫా పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక పెద్ద విల్లాను చెక్కగోడలతో గదులుగా చీల్చి అద్దెకిచ్చారు. మేడ మీది గదిలో నేనూ, మా కంపెనీ పికప్ నడిపే జగిత్యాలన్నా ఉండేవాళ్లం. కింది వాటాలో నరసాపురం నుంచి వచ్చి ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఆవిడ, భర్త, ఇద్దరు పిల్లలు. ఆవిడను విల్లా అంతా సిస్టరక్క అనేది. నాది ముసఫ్ఫాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం (పేరు చూసి భయపడకండి, డ్రాయింగులకు నంబర్లు వేసి సంతకాల కోసం బల్లల చుట్టూ తిరగడమే). సైట్లు సగం మూతపడ్డాయి, జీతాలు కోశారు, వారం ముగిసే గురువారం వస్తే చాలు ఎవరో ఒకరి బల్ల ఖాళీ అయ్యేది. 'ముదీర్ పిలుస్తున్నాడు' అన్న మాట వినిపిస్తే, మేనేజరు గదికి వెళ్లే ముందే బల్ల సొరుగు సర్దుకునేవాళ్లం.

అలాంటి సమయంలో ఫోనులో, ఒక వీడియోలో ఒకాయన దర్శనమిచ్చాడు. నీలం కోటు, వెనక సముద్రం. "మీరు నిద్రపోతున్నా డబ్బొస్తుంది" అన్నాడు. ఆయన చెప్పిన సూత్రం తేలికే. ఏదో ఒక్క చిన్న విషయం పట్టుకుని వెబ్‌సైట్ పెట్టాలి. ఆ విషయానికి పనికొచ్చే వస్తువులను మెచ్చుకుంటూ రాసి కింద లింకు ఇవ్వాలి. చదివినవాళ్లు ఆ లింకు నొక్కి కొంటే దుకాణం వాడు మనకు కాస్త కమిషన్ పంపుతాడు. దీనికి పాసివ్ ఇన్‌కమ్ అని పేరు. ఉద్యోగం పోతుందేమోనని వణుకుతున్నవాడికి అంతకంటే తియ్యని మాట ఇంకేముంటుంది? రెండు రోజులు ఆలోచించాను. ప్రపంచంలో అన్నీ ఆగిపోయినా పిల్లలు పుట్టడం ఆగలేదు కదా అని తోచింది. అలా 'బుజ్జక్క కబుర్లు' పుట్టింది. మగవాడు పసిపిల్లల సామాను గురించి రాస్తే ఎవరు చదువుతారు? అందుకని మొదటి పేజీలోనే "నేను ఇద్దరు పిల్లల తల్లిని, నన్ను అక్కా అని పిలిస్తే చాలు" అని రాసేశాను. రాస్తున్నప్పుడు కాస్త సిగ్గేసింది. ప్రచురించాక అదీ పోయింది.

పిల్లల సంగతులన్నీ సిస్టరక్క దగ్గర సేకరించేవాణ్ణి. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మెట్ల మీద కూర్చుని అడిగేవాణ్ణి. "అక్కా, పళ్లొచ్చేటప్పుడు పిల్లలు ఎన్ని రోజులు ఏడుస్తారు? డైపరు ఒరుసుకుంటే ఏం రాస్తారు?" ఆవిడ కొన్నాళ్లు ఓపిగ్గా చెప్పి, ఒకరోజు నా మొహంలోకి తేరిపార చూసింది. "ఏంటబ్బాయ్, ఊళ్లో పెళ్లాన్నీ పిల్లల్నీ దాచిపెట్టేసి బ్రహ్మచారినని గానీ తిరిగేత్తన్నావా?" అంది. నేను నవ్వేసి తప్పించుకున్నాను. (ఆ నవ్వు నాకే నచ్చలేదు.)

జగిత్యాలన్నకు మాత్రం విషయం చెప్పక తప్పలేదు. ఒకే గది కదా. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని "మా పెద్దాడు ఈ ఉయ్యాలలో వేస్తే క్షణంలో పడుకున్నాడు" అని టైపు చేస్తుంటే వెనక నుంచి చదివాడు. "పెద్దోడెవడ్రా తమ్మీ?" అన్నాడు. అంతా విన్నాక మంచం మీద కూలబడ్డాడు. "ఈ దేశంల లైసెన్స్ లేకుండ ఏ ధందా చేసినా పరేషానే. కఫీల్‌కు ఎర్కైతే వీసా ఖలాస్. నీతోని ఉన్నందుకు నన్ను సుత అడుగుతరు." కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, కంపెనీ ఇచ్చిన వీసా మీద బతుకుతున్నవాణ్ణి. ఆ మాటతో మొదలైన భయం నన్ను వదల్లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే లాప్‌టాప్ మూసేవాణ్ణి. దుకాణం నుంచి మొదటి కమిషన్ వచ్చినప్పుడు (ఇద్దరికీ చెరో షవర్మాకు సరిపోయింది) సంతోషపడాల్సింది పోయి, ఆ మెసేజ్ ఎవరు చూశారోనని వణికిపోయాను. నిద్రలో డబ్బు రావడం సంగతి అలా ఉంచండి, ముందు నిద్ర రావడం మానేసింది.

అయినా మానలేదు. ఎందుకంటే సైట్‌కు ఈమెయిల్‌లో ఉత్తరాలు రావడం మొదలైంది. షార్జా నుంచి ఒకావిడ, కువైట్ నుంచి ఒకావిడ, ఇక్కడే అబుదాబి నుంచి ఒకావిడ. ఈ అబుదాబి ఆవిడ పేరు రాసేది కాదు, 'మీ చెల్లి' అని ముగించేది. విమానాలు లేక వాళ్లమ్మ పురుడుకు రాలేకపోయింది. మూడు నెలల పాపతో, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే భర్తతో ఒక్కతే ఉండేది. ఒకసారి, "అక్కా, ఇవాళ వంటింట్లో నిలబడి ఊరికే ఏడ్చాను. నాకేమైనా జబ్బా?" అని రాసింది. ఆ ఉత్తరం చదివాక నాకు లింకుల సంగతి గుర్తు రాలేదు. చాలాసేపు ఆలోచించి, ఏదో నాలుగు మాటలు రాశాను.

ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ మా ముదీర్ (గుంటూరాయన, మనిషి మంచివాడే గానీ గొంతు పెద్దది) అందరికీ వినిపించేలా అన్నాడు. "మా ఆవిడకి ఇప్పుడు నా మాట కన్నా ఆ ఇంటర్నెట్టులో అక్క మాటంటేనే గురి. బుజ్జక్కంట! ఏవయ్యా, నీకేమన్నా తెలుసా ఆవిడెవరో?" గొంతులో ఉన్న టీ ముక్కులోకి వెళ్లింది. దగ్గుతూ బయటికి పరుగెత్తాను. ఆ రోజుల్లో దగ్గితే ఎవరూ వెంట వచ్చేవారు కాదు, అదొక్కటే నాకు కలిసొచ్చింది. ముదీర్ ఇంట్లోనూ ఈమధ్యే పాప పుట్టింది. 'మీ చెల్లి' ఎవరో బయట గోడ పక్కన నిలబడి దగ్గుతున్నప్పుడే అర్థమైంది.

అసలు గండం ఆగస్టులో వచ్చింది. ఇక్కడ ఆగస్టులో చన్నీళ్ల కొళాయి తిప్పినా కాగిన నీళ్లే వస్తాయి. డాబా మీద ట్యాంకు ఎండలో ఉడికిపోతుంది. ఈ సంగతి నాకు స్వానుభవం కాబట్టి ధైర్యంగా ఒక వ్యాసం రాసి, పిల్లల నీళ్లలో వేసే ఒక పసుపుపచ్చ బాతుబొమ్మకు లింకు పెట్టాను. దాని పొట్టలో థర్మామీటరు ఉంటుంది, నీళ్లెంత వేడిగా ఉన్నాయో అంకెల్లో చూపిస్తుంది. "మా ఇద్దరు పిల్లలకూ ఇదే వాడాను, కళ్లు మూసుకుని నమ్మండి" అని కూడా చేర్చాను. ఆ బాతును నేను ఫొటోలో తప్ప చూసింది లేదు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనాల వేళ 'మీ చెల్లి' నుంచి ఉత్తరం వచ్చింది. "అక్కా, బాతు ముప్పై ఏడు చూపిస్తోంది, నీళ్లు సరిగ్గా ఉన్నట్టే. కానీ నా చేతికి చురుక్కుమంటున్నాయి. బాతును నమ్మనా, నా చేతిని నమ్మనా? పాపను తువ్వాల్లో చుట్టి పట్టుకుని కూర్చున్నాను, తొందరగా చెప్పవా?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఎడమచేత్తో సిస్టరక్కకు ఫోన్ చేశాను. ఆవిడ డ్యూటీలో ఉంది. మూడోసారికి ఎత్తింది. నేను చెప్పింది సగం విని అరిచింది. "బాతేంట్రా, నీ మొహం! ముందు ఆ నీళ్లు పారబొయ్యమను. వేరే నీళ్లు పట్టి, ఫ్రిజ్జులో బాటిల్ నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసుకోమను. చేతికి గట్టి చర్మం, వేడి సరిగా తెలీదు. ఆ చేతికే చురుక్కుమందంటే బిడ్డకేం గాను! ఇంతకీ ఎవరా అమ్మాయి?" ఫోన్ పెట్టేసి, "చేతినే నమ్మండి, ఆ నీళ్లు వాడకండి" అని మొదలుపెట్టి ఆవిడ చెప్పిందంతా టైపు చేసి పంపాను. ఆ తర్వాత జవాబు లేదు. సాయంత్రం దాకా లేదు. మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్తే ముదీర్ కుర్చీ ఖాళీగా ఉంది. "పాపకి బాగోలేదంట, రాత్రి ఆస్పత్రికెళ్లారంట" అన్నారు.

అప్పుడు నా పరిస్థితి ఎలా వర్ణించను! ఒక ఫైలు మీద సంతకం అవసరమని అబద్ధం చెప్పి, జగిత్యాలన్న పికప్ ఎక్కాను. విషయం విని అన్న బండి వేగం పెంచాడు. ముదీర్ ఇంటి ముందు ఆపి, "పో తమ్మీ. ఏమైనా సరే, గీసారి అబద్ధం చెప్పకు" అన్నాడు.

తలుపు ముదీర్ భార్య, అంటే మేడమే తీసింది. ఇంతకుముందు ఒకటి రెండుసార్లు ఆఫీసు విందులో దూరం నుంచి చూశాను. ముదీర్ లుంగీలో సోఫా మీద కూర్చుని ఫైలు అందుకున్నాడు. పాప ఉయ్యాలలో ఉంది. కాళ్లకు మేజోళ్లున్నాయి. ఆగస్టులో మేజోళ్లెందుకు? నా కళ్లు వాటి మీదే నిలిచిపోయాయి.

"మేడమ్... పాప కాళ్లకి ఏమైందండీ?"

"కాళ్లకా? ఏం కాలేదే. ఏసీ చలికి వేశాను. నిన్న పొద్దున టీకా వేయించాం, రాత్రి జ్వరమొచ్చింది. కంగారుపడి తీసుకెళ్లాం, ఇప్పుడు తగ్గింది" అంది ఆవిడ.

మేజోళ్ల మీంచి కళ్లు తిప్పుకున్నాను. అక్కడితో ఫైలు తీసుకుని వచ్చేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆవిడ ఊరుకోలేదు. "నిన్న ఇంకో గండం కూడా తప్పింది తెలుసా? నీళ్లు కాలిపోతున్నా ఆ బొమ్మ బాగున్నాయనే చూపించింది. బుజ్జక్క అని ఒకావిడ ఉంది, ఆవిడే కాపాడింది. ఈ హడావిడిలో జవాబు కూడా రాయలేదు, ఏమనుకుంటోందో పాపం" అంది. ఆ 'పాపం' నేను తట్టుకోలేకపోయాను.

"ఆ అక్కను నేనే మేడమ్."

ముదీర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆవిడకు ముందు అర్థం కాలేదు. "మరి ఇద్దరు పిల్లలు?" అంది.

"లేరండీ."

"పెద్దాడికి పళ్లొస్తుంటే మూడు రాత్రులు కూర్చున్నానన్నారు?"

"అది మా కింద ఉండే సిస్టరక్క కూర్చుందండీ."

ఆవిడ మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గింది. "వంటింట్లో ఏడ్చానని రాశాను. మా అమ్మకి కూడా చెప్పలేదు ఆ మాట. అది చదివింది మీరేనా?"

"నేనేనండీ."

"'ఏడిస్తే తప్పులేదు, పాప పడుకున్నప్పుడు పనులన్నీ వదిలేసి నువ్వూ పడుకో, మీ అమ్మ ఉంటే అదే చెప్పేది' అని జవాబొచ్చింది. అది ఎవరు చెబితే రాశారు?"

"అది ఎవరూ చెప్పలేదండీ. నాకు తోచింది రాశాను."

ఆవిడ అటు తిరిగి ఉయ్యాల ఊపింది. చాలాసేపు ఊపింది. తర్వాత స్నానాలగదిలోకి వెళ్లి ఆ బాతును తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీరు చేత్తో పట్టుకుని చూడనివన్నీ ఆ సైట్లోంచి తీసెయ్యండి. ఇవాళే" అంది. ముదీర్ నా వైపు చూడకుండానే సంతకం పెట్టి ఫైలు ఇచ్చాడు. దాంతో నా ఉద్యోగం మీద ఆశ వదులుకున్నాను.

మర్నాడు పదింటికి ఆ మాట రానే వచ్చింది. ముదీర్ పిలుస్తున్నాడు! లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "నిన్నంతా మా ఆవిడ నాతో కూడా మాట్లాడలేదయ్యా. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తా ఇస్తా నవ్వడం మొదలెట్టింది, నేను బయల్దేరే దాకా ఆపలా. నువ్వు చేసింది మాత్రం చాలా తప్పు." "అవును సార్." "నిన్న నువ్వు తెచ్చిన ఫైల్లో డ్రాయింగు నంబరు కూడా తప్పే. యల్లా, పోయి అది దిద్దు." ఆ నంబరు దిద్దినంత శ్రద్ధగా నేను జీవితంలో ఇంకేదీ దిద్దలేదు.

అంతకుముందే, ముందు రోజు సాయంత్రం, సిస్టరక్క ముందు కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను (ప్రార్థన మానని మనిషికి అన్ని తిట్లు ఎలా వచ్చాయో). తిట్టడం అయ్యాక తన థర్మామీటరూ బాతూ ఒకే బకెట్లో వేసి చూసింది. బాతు నాలుగు డిగ్రీలు తక్కువ చూపించింది. నలభై వ్యాసాలు తీసేశాను. కొళాయి నీళ్ల వ్యాసం ఒక్కటే మిగిలింది, అదీ బాతు లేకుండా. మొదటి పేజీలో ఇలా రాశాను. 'నేను అక్కను కాను. పెళ్లికాని మగవాణ్ణి. మీకు అబద్ధాలు చెప్పాను, క్షమించండి. ఆ వస్తువులేవీ నేను చూడలేదు, పిల్లల సంగతులన్నీ మా కింది వాటాలో ఉండే నర్సమ్మగారు చెప్పినవి.' సైట్ మూసెయ్యడానికి నాలుగు రోజులు గడువు పెట్టుకున్నాను. ఆ నాలుగు రోజులూ తిట్లే వచ్చాయి. అన్నీ చదివాను. న్యాయమే కదా.

ఐదో రోజు సైట్ మూసెయ్యబోతుంటే కువైట్ ఆవిడ ఉత్తరం వచ్చింది. "తమ్ముడూ, నీ మీద చాలా కోపంగా ఉంది. అది అలా ఉంచు. మా వాడికి పాలు తాగిన ప్రతిసారీ ఎక్కిళ్లు వస్తున్నాయి. ఆ నర్సమ్మగారిని అడిగి చెప్తావా?"

లాప్‌టాప్ మంచం మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా, సిస్టరక్క డ్యూటీకి వెళ్లిపోతుందేమోనన్న కంగారులో మెట్లు రెండేసి చొప్పున దిగాను. లింకు లేదు, కమిషన్ లేదు, పేరు కూడా లేదు. ఎవరి బిడ్డకో వచ్చిన ఎక్కిళ్ల కోసం అంత ప్రాణం పెట్టి పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే, చేసిన వెధవ పనులన్నీ గుర్తున్నా సరే, వాణ్ణి కోప్పడబుద్ధి కాదు నాకు.