కింద గదిలో చెక్క నేల

పోయిన నెల మా ఇంట్లో నేల పైకి లేచిందండీ. భూకంపం కాదు, నా తెలివి.

మాది మండవల్లి. మా ముందుగది కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి రావాలి. ఆ మెట్ల మీద కూర్చునే మా నాన్నగారు కొర్రమీనుకి బేరమాడేవారు. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, ఇప్పుడు ఆ గదిలోకి రెండు మెట్లు దిగాలి.

మా ఆవిడ సుగుణకి మోకాలి ఆపరేషన్ అయింది. మేడ ఎక్కొద్దన్నారు డాక్టరుగారు. ఇక ఆ కింద గదే గతి. పాత గచ్చేమో చెమ్మగా, జారుడుగా ఉండేది. తను మళ్లీ పడితే లేవడం కష్టం.

గరుకు టైల్స్ చాలంది సుగుణ. నాకు చెక్క నేల మీద మోజు. ఏలూరులో నేను చదివిన మిషన్ స్కూల్లో మేడమీద చెక్క నేల ఉండేది. పైన హెడ్మాస్టరుగారి బూట్లు టకటకలాడితే కింద మా క్లాసంతా నిశ్శబ్దం. వానాకాలంలో ఆ చెక్క వాసన... సరే, ఎక్కడున్నాను?

ఏలూరు నుంచి వచ్చిన కరీం మేస్త్రి తొందరపడొద్దన్నాడు. గచ్చు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకి టేపు అంటించి రెండ్రోజులు ఉంచమన్నాడు. అడుగున తడి కనబడితే చెక్క మాట మరిచిపోవాలట. ఉంచాను. తీస్తే పొడిగా ఉంది. అతనికి ఫోన్ చేసి అరగంట గొప్పలు చెప్పి, పలకలు వేయించేశాను.

పదిహేను రోజులు ఆ గదిలో చెప్పులేసుకుని చప్పుడు చేస్తూ తిరిగాను. పదహారో రోజు పొద్దున పలకలు అప్పడాల్లా పొంగాయి. సుగుణ గుమ్మంలోనే ఆగి చేతికర్రతో ఒకదాన్ని నొక్కింది. సందులోంచి నీళ్లు వచ్చాయి.

"ఏవండీ, ఇందులో నేను నడవాలా, పడవెక్కాలా?"

కరీం వచ్చి నేల వైపు చూడనేలేదు. కిటికీలోంచి మా ఇంటి పక్కనున్న చేపల చెరువు చూశాడు. నిండుగా ఉంది. నేను షీటు పరిచిన వారం అదే చెరువు, చేపలు పట్టేశాక ఎండగట్టి, నెర్రెలిచ్చి ఉంది. తరవాత నీళ్లు పెట్టారు. ఏటా జరిగేదే. ఏటా ఆ కిటికీలోంచి నేను చూసేదే.

పలకలన్నీ పీకి, చెమ్మ ఆపే మందు పూసి, గరుకు టైల్స్ వేశాడు. నిన్న సుగుణ కర్ర పక్కన పెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది.

కరీం సామాను సర్దుకుంటూ నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు బళ్లో ఏం పాఠాలు చెప్పేవారండీ?"

భూగర్భ జలాల పాఠం ముప్పై ఏళ్లు చెప్పానని ఎలా అనను? లెక్కలు అన్నాను.

సుగుణకి దగ్గొచ్చింది.