ఐసుకు నా చెయ్యి పడదట

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి కోడలిగా వచ్చాను. మా మామకు బట్టల కొట్టు. మద్రాసు నుంచి కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్ తెప్పించాడు. కింద దీపం వెలిగిస్తే పైన నీళ్ళు గడ్డకడతాయంటే, వీధిలో సగం మంది వచ్చి కళ్ళారా చూస్తేగానీ నమ్మలేదు.

నేను రాకముందు అందులోని అల్యూమినియం ట్రేను తిప్పి తడితే చాలు, ఐసుగడ్డలు టపటపా రాలిపడేవట. నేను వచ్చిన కొన్నాళ్ళకే మొండికేశాయి. గరిటె కాడతో పొడిస్తే ముక్కచెక్కలవుతాయి, నీళ్ళు పోస్తే సగం కరిగిపోతాయి. అది ఎండాకాలం, పైగా రంజాన్ నెల. పక్కింటి సాయబుగారి భార్య పొద్దుగూకే వేళకు గోడ దగ్గరికి వచ్చి, షర్బత్‌లోకి ఐసు కోసం గిన్నె చాచేది. గుప్పెడు పొడి తప్ప ఇవ్వలేకపోయేదాన్ని.

ఒకనాడు మా అత్త ఆ గోడ మీదుగానే ఆమెతో అనేసింది. "మా కోడలి హస్తవాసి మంచిది కాదు వదినా. ఈ పిల్ల చెయ్యి పడినకాడి నుంచి ఐసు గూడా ఊడి రాకుండా ఉండాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మాట అక్కడితో ఆగినా బాగుండేది. అది మామిడికాయల కాలం. ఏడాదికి సరిపడా ఊరగాయ కలిపేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వనని తేల్చేసింది. నా చెయ్యి తగిలితే జాడీలన్నీ బూజు పడతాయని ఆమె భయం. ఊరగాయ ముట్టుకోనివ్వని కోడలంటే ఆ ఇంట్లో ఇక ఎప్పటికీ కాయలు తుడిచే మనిషే. పుట్టింట్లో చిన్నప్పటి నుంచి ఊరగాయ కలిపినదాన్ని, ఊరుకుంటానా?

కానీ ఐసు ఎందుకు అంటుకుంటోందో అంతుపట్టలేదు. నాకంటే శుభ్రంగా ఆ ట్రేను ఎవరూ తోమలేదు. అత్త దాన్ని ఉత్త నీళ్ళతో తొలిచేదట. నేను చింతపండూ ఇటుక పొడీ వేసి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది మెరిపించేదాన్ని. తోమడంలో మాత్రం నాకు వంక పెట్టలేమని అత్త కూడా ఒప్పుకునేది.

ట్రే మెరుపు చూసి మోజుపడిందేమో, పనిమనిషి ఒకరోజు దోసె పెనాన్ని కూడా ఇటుక పొడితో తోమి పెట్టింది. మర్నాడు ఒక్క దోసె లేస్తే ఒట్టు. అన్నీ పీలికలే. అత్త పనిమనిషి మీద గయ్యిమంది.

"పెనాన్ని యాడన్నా తోముతారా? గీతలు పడినాంక పిండి ఆ గీతల్లోకి దిగి పట్టుకుంటాది. ఇంక దోసె యాడ లేస్తాది?"

గరిటె అక్కడే పడేసి వెళ్ళి ట్రే లోపల గోటితో గీకి చూశాను. గరగరమంది. అంతా గీతలే. పిండి దిగే గీతలోకి నీళ్ళు దిగవా? దిగి అక్కడే గడ్డకడితే ఐసు వదులుతుందా?

ఫ్రిజ్‌తో పాటు రెండు ట్రేలు వచ్చాయి. మొదటిది పాడయ్యాక వాడదామని రెండోదాన్ని అత్త పాత చీరముక్కలో చుట్టి పెట్టెలో దాచింది. అది ఇమ్మన్నాను. ఇవ్వనంది.

"నా చేత్తోనే నీళ్ళు పోస్తా అత్తా. ఊడి రాకుంటే ఊరగాయ జోలికి నేనే రాను," అన్నాను. అప్పుడు ఇచ్చింది.

మర్నాడు సాయంత్రం గోడకు అటు పక్కింటామె, ఇటు మా అత్త. ముందుగా నేను తోమిన పాత ట్రే తిప్పి తట్టాను. ఐసు కదల్లేదు. కొత్తది తిప్పి తట్టాను. పక్కింటామె గిన్నెలోకి గడ్డలు టపటపా రాలాయి.

"చెయ్యి నాదే, నీళ్ళూ అవే. పెనం సంగతి నువ్వే చెప్పినావు గదా అత్తా," అన్నాను.

అత్త రెండు ట్రేలనూ గోటితో గీకి చూసుకుని లోపలికి పోయింది. గెలిచానని పొంగిపోయాను గానీ, ఊరగాయకు పిలుస్తుందో లేదోనని లోపల పీకుతూనే ఉంది.

పిలిచింది. చేతులు తడి లేకుండా తుడుచుకుని రమ్మంది. ఉప్పూ కారం నా ముందు పెట్టి, తాను పక్కన కూర్చుని కాయలు తుడిచింది.

ఊరగాయ ఊరాక ఒక మధ్యాహ్నం నేను రోట్లో పచ్చడి నూరుతున్నాను. అత్త గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. మాట సరిగ్గా వినపడాలని నూరడం ఆపేశాను.

"తీసుకో వదినా," అంది అత్త, మామూలు కంటే గట్టిగా. "ఈ తూరి అంతా మా కోడలి చేతి ఊరగాయే."